ఫంక్ రాక్ ఆల్బమ్ మీద తలా ఒక మాట: కలిసి విని తేల్చుకునే పద్ధతి

బెంగళూరులో మారతహళ్లి వైపో కేఆర్ పురం వైపో ఓ ఫ్లాట్‌లో ఐదారుగురు తెలుగువాళ్లు కూర్చుని ఫంక్ (బేస్ గిటార్, డ్రమ్స్ లయ మీద నడిచే సంగీతం) కలిసిన రాక్ ఆల్బమ్ పెట్టుకున్నారంటే, పూర్తయ్యేసరికి తలా ఒక మాట అంటారు. బేస్ అదిరిందని ఒకరు, అసలు బేసే వినపడలేదని ఇంకొకరు. పాత ఆల్బమ్ ముందు ఇదెంత అని మూడో మనిషి. రుచులు వేరవడం సహజమే. అయితే ఈ తేడాల్లో చాలావరకు పాటల వల్ల వచ్చినవి కావు. గది, స్పీకర్, ముందే పెట్టుకున్న ఆశ, మొదట నోరు తెరిచినవాళ్ల ప్రభావం అన్నీ కలిసి తెచ్చిపెట్టినవి. వాటిని ఒక్కొక్కటిగా తీసేశాక కూడా మిగిలే తేడా ఉంటుంది చూడండి, మాట్లాడుకోవాల్సింది దాని గురించి.

దీనికి సరిగ్గా సరిపోయే ఆల్బమ్ అమెరికన్ బ్యాండ్ రెడ్ హాట్ చిలీ పెప్పర్స్ వాళ్ల 'వన్ హాట్ మినిట్'. 1995 సెప్టెంబర్‌లో వచ్చింది. 1991 ఆల్బమ్‌తో బ్యాండ్ పెద్ద స్థాయికి చేరింది. మరుసటి ఏడాదే గిటారిస్ట్ జాన్ ఫ్రుషాంటే వెళ్లిపోయారు. తర్వాత జేన్స్ అడిక్షన్ అనే మరో బ్యాండ్ నుంచి డేవ్ నవారో వచ్చారు. నిర్మాత మాత్రం మారలేదు, రెండిటికీ రిక్ రూబినే. నవారోది పొరలు పొరలుగా పేర్చిన బరువైన రాక్ గిటార్. దాని కింద ఫ్లీ బేస్, చాడ్ స్మిత్ డ్రమ్స్ ఫంక్ దారిలోనే నడుస్తుంటాయి. పాత ఆల్బమ్ మీద ప్రేమతో వచ్చినవాళ్లకు పై పొర అడ్డం వస్తుంది, హార్డ్ రాక్ చెవులవాళ్లకు అదే నచ్చుతుంది. అభిప్రాయాలు చీలిపోవడానికి మూలం ఇదే.

ముందు గది సంగతి చూసుకోవాలి. నాలుగు తీగల బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ 41 హెర్ట్జ్ దగ్గర, దాని పక్క తీగ 55 హెర్ట్జ్ దగ్గర పలుకుతాయి. మన ఫ్లాట్లలో హాలు వెడల్పు 10 అడుగులు ఉండటం మామూలే. ఎదురెదురు గోడల మధ్య 10 అడుగులుంటే సుమారు 56 హెర్ట్జ్ దగ్గర గది తనంతట తానే మోగుతుంది. అంటే రెండో తీగ పలికినప్పుడల్లా ఆ గోడకు ఆనించిన సోఫాలో ఉన్నవాళ్లకు బేస్ గుమ్మని ఉబ్బి వినిపిస్తుంది. రెండు గోడలకూ సరిగ్గా మధ్యలో చాప మీద కూర్చున్నవాళ్లకు అదే స్వరం దాదాపు మాయమైపోతుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నా మాట కుదరదు. కాబట్టి ఎవరినీ గోడకు ఆనుకుని కూర్చోనివ్వకండి, సరిగ్గా మధ్యలోనూ వద్దు. గోడ నుంచి రెండున్నర, మూడు అడుగులు ముందుకు జరిగితే చాలు. నాలుగేసి పాటలకోసారి స్థలాలు మార్చుకోండి. ఇదొక్కటి చేసినా సగం వాదన ఆగిపోతుంది.

స్పీకర్లు రెండు ఉండాలి. వాటి మధ్య ఆరడుగులు, ఒక్కో స్పీకర్ నుంచి వినేవాళ్ల దాకా కూడా ఆరడుగులు ఉండేలా, పై కోన్ చెవి ఎత్తుకు వచ్చేలా పెట్టండి. గది మూలలో పెడితే బేస్ లేనిపోని బరువెక్కుతుంది. విట్రిఫైడ్ టైల్స్, ఖాళీ గోడలు ఉన్న హాలులో డ్రమ్స్‌లోని ఇత్తడి తాళాల (సింబల్స్) చప్పుడు చెవిలో గుచ్చుతుంది. నేల మీద జంఖానా పరిచి, స్పీకర్లకు ఎదురు గోడకు ఒక మందపాటి దుప్పటి వేలాడదీయండి. ల్యాప్‌టాప్, ఫోన్ స్పీకర్లు ఈ పనికి పనికిరావు. వాటిలో బేస్ అడుగు స్వరం రాదు, దాని వెంట పలికే సన్నని పై స్వరాలే వస్తాయి. ఒంటి బ్లూటూత్ డబ్బా అయితే ఎడమ కుడి గిటార్లను కలిపేస్తుంది, నవారో పేర్చిన పొరలు ముద్దయిపోతాయి. 3.5 మిల్లీమీటర్ల హెడ్‌ఫోన్ పిన్ను నుంచి ఆర్‌సీఏకి (స్పీకర్ వెనక ఎరుపు, తెలుపు రంధ్రాల్లో పెట్టే పిన్నులకు) మారే కేబుల్ బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డులో దొరుకుతుంది. బ్లూటూత్ వదిలేసి దానితోనే కలపండి.

శబ్దం మరీ తగ్గిస్తే మనిషి చెవికి బేస్ ముందు తగ్గుతుంది. అప్పుడు ఎంత గొప్ప ఫంక్ అయినా పల్చగా తోస్తుంది. ఫోన్‌లో డెసిబెల్ యాప్ పెట్టి కూర్చున్న చోట 75 దగ్గర ఉంచండి. యాప్ అంకె కాస్త అటూఇటూ ఉన్నా ఫర్వాలేదు, అందరికీ అన్ని పాటలకూ ఒకటే ఉండటం ముఖ్యం. ఇక ఇరుగుపొరుగు సంగతి: నివాస ప్రాంతాల్లో బయట శబ్దం పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదని నిబంధన ఉంది. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 దాకా. సాయంత్రం ఐదింటికి మొదలుపెట్టి, కిటికీలు మూసుకోండి. కింద ఓనర్ ఉంటే ముందే ఒక మాట చెప్పి ఉంచితే మంచిది.

ప్లే నొక్కే ముందు యాప్‌లో షఫుల్, క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివర మరో పాటలో కలిసిపోవడం), బేస్ బూస్ట్, సరౌండ్ అన్నీ ఆపేయండి. ప్రకటనలు వచ్చే ఖాతా వద్దు. వేరే ఆల్బమ్‌తో పోల్చాలనుకుంటే మాత్రం శబ్దస్థాయిని సమం చేసే సెట్టింగ్ వేసి ఉంచాలి. రెండిట్లో ఏది కొంచెం గట్టిగా మోగితే అదే బాగుందనిపించడం చెవి సహజ గుణం.

ఇప్పుడు అసలైన పని, చెవికి దారి చూపడం. సినిమా పాటలతో పెరిగిన మనకు గొంతును పట్టుకుని పోవడం అలవాటు. ఫంక్‌లో గొంతు కూడా ఒక వాయిద్యమే. పాట అడుగున లయ ఎలా అల్లుకుందో వినాలి. దీనికి మన దగ్గరే మంచి సాధనం ఉంది. నాలుగు దెబ్బల ఆవర్తం వేసుకుని ఒక్కో దెబ్బకు తకధిమి అనుకోండి. మొత్తం పదహారు అక్షరాలు. మొదటి 'త' మీద బేస్, కిక్ డ్రమ్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) కలిసి బరువుగా దిగుతాయి. అమెరికన్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ ఫంక్‌కు పెట్టిన పునాది ఇదే. రెండో, నాలుగో దెబ్బల 'త' మీద స్నేర్ (టప్పుమని మోగే చిన్న డ్రమ్) గట్టిగా పడుతుంది. మధ్యలోని 'క', 'మి'ల దగ్గర స్నేర్ మీద వినపడీ వినపడనట్టు చిన్న దెబ్బలు పడుతుంటాయి. అవి పట్టుకున్నవాళ్లకు పాట ఊగుతుంది, పట్టుకోనివాళ్లకు ఒకటే మోతగా ఉంటుంది.

రెండో పాట 'ఏరోప్లేన్' మీద ఇది సాధన చేయండి. బొటనవేలితో తీగను కొట్టి, మరో వేలితో లాగి వదిలే ఫ్లీ స్లాప్ ఇందులో స్పష్టంగా ఉంది. చివర పిల్లల బృందగానం వచ్చేదాకా తకధిమి ఆపకండి. ఐదో పాట 'కాఫీ షాప్'లోనూ బేస్ ముందుకొస్తుంది. ఎనిమిదోది 'వాకబౌట్' ఆల్బమ్ మొత్తంలో తీరుబడిగా ఊగే ఫంక్. మా దృష్టిలో ఫ్లీ, స్మిత్‌ల జోడీ బాగా కుదిరింది ఇక్కడే. ఈ ఆల్బమ్‌లో ఫంక్ లేదన్నవాళ్లకు ముందు దీన్నే వినిపించండి.

మొదటిసారి మొత్తం ఆల్బమ్ మాట్లాడకుండా వినాలి. గంటకు కాస్త పైగా పడుతుంది. భోజనం ఆర్డర్ ఆ తర్వాతే పెట్టుకోండి, మధ్యలో డెలివరీ బెల్ మోగితే ఆ పాట మీద అభిప్రాయం అక్కడితో పోయినట్టే. తలా ఒక కాగితం ఇవ్వండి. పాటకు ఎదురుగా మూడే గుర్తులు: మళ్లీ వింటాను, ఒకసారికి సరే, దాటేస్తాను. పదికి ఇన్ని మార్కులు అనే పద్ధతి వద్దు, ఒకరి ఏడు ఇంకొకరి ఐదుతో సమానం కావచ్చు. కాగితాలన్నీ తిరగేసి పెట్టాకే నోరు తెరవాలి. గట్టిగా మాట్లాడే మనిషి ముందు అనేస్తే మిగతావాళ్ల చెవులు అటే తిరుగుతాయి.

చర్చకు నియమం ఒక్కటే. బాగుంది, బాగాలేదు అన్నవాళ్లు ఏ నిమిషం ఏ సెకను దగ్గరో చూపించాలి. సాగదీశారు అంటే ఎక్కడ? ఆరు నిమిషాలు దాటే పాటలు ఇందులో మూడున్నాయి. 'డీప్ కిక్' నెమ్మదిగా మాటలతో మొదలై ఆ తర్వాత ఎగసిపడుతుంది. విసుగొచ్చింది ఆ మొదటి భాగంలోనా, తర్వాతా? అక్కడ ముప్పై సెకన్లు మళ్లీ పెట్టి అడగండి. ఆ మనిషి మాట మార్చుకోకపోయినా, మాట పదునెక్కుతుంది.

పాత ఆల్బమ్‌తో పోలిక వస్తే ఆపకండి, కానీ వేరే కాగితం మీద రాయించండి. 'పాతదానంత లేదు' అన్నది ఆశ గురించి చెప్పే మాట, పాట గురించి కాదు. సాహిత్యాన్నీ విడిగా పెట్టాలి. గాయకుడు ఆంథొనీ కీడిస్ 1994లో మళ్లీ మత్తుపదార్థాల బారిన పడ్డారు. మొదటి పాట 'వార్ప్‌డ్' దాని గురించే. 'టియర్‌జర్కర్' నిర్వాణ బ్యాండ్ గాయకుడు కర్ట్ కొబేన్ మరణం మీద రాసింది. ఈ చీకటి కొందరికి బరువు, కొందరికి అదే ప్రాణం. పాటలు మొదటిసారి విన్నాకే ఈ విషయాలు చెప్పండి, ముందే చెబితే జాలితో వింటారు.

చివరికి లెక్క వేసేటప్పుడు సగటు తీయకండి. ముగ్గురు మళ్లీ వింటామని, ముగ్గురు దాటేస్తామని అన్న పాటకు సగటు తీస్తే 'ఒకసారికి సరే' అని వస్తుంది, అలా అన్నవాళ్లు ఒక్కరూ ఉండరు. నిలువునా చీలిన పాటలను విడిగా రాసుకుని, ఒక్కోదాని పక్కన ఇరువైపులవాళ్లూ చూపిన నిమిషం, సెకను వేయండి. రెండు వారాల తర్వాత అవే పాటలు, అదే శబ్దస్థాయిలో, స్థలాలు మార్చుకుని మళ్లీ వినండి. కొత్త కాగితాలు నింపేదాకా పాతవి బయటికి తీయొద్దు.