లాడ్జి ఆవిడ డిటెక్టివ్ అయితే: ఒక హత్య నవల రాసే పద్ధతి

ముందు తాళాల బోర్డు గీసుకోండి. హంతకుడి సంగతి తర్వాత చూద్దాం.

రాజమండ్రిలో గోదావరి స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో మాకు పద్నాలుగు గదుల లాడ్జి ఉండేది. ఇరవై రెండేళ్లు నడిపాం. మా ఆయన పోయాక చివరి ఆరేళ్లు నేనొక్కదాన్నే చూసుకున్నాను. అమ్మేశాక చేతులు ఖాళీ అయ్యి డిటెక్టివ్ నవల మొదలుపెట్టాను. మొదటిసారి రాసింది మా ఆడపడుచుకి చదవమని ఇస్తే నలభయ్యో పేజీలోనే ఫోన్ చేసింది. "వదినా, ఆ మందుల కంపెనీ రిప్రజెంటేటివే కదా చంపింది?" అంది. వాడే. రెండోసారి మార్చి రాస్తే నూట పదో పేజీలో పట్టేసింది. మూడోసారికి గానీ ఆవిడ నోరు మూతపడలేదు. ఆ మూడుసార్లలో నేర్చుకున్నదే ఇదంతా.

ఈ రకాన్ని ఇంగ్లిష్‌లో కోజీ మిస్టరీ అంటారు. హత్య జరుగుతుంది గానీ మన కళ్లెదుట జరగదు. నెత్తురు, బూతులు ఉండవు. చిన్న ఊరు, తెలిసిన మొహాలు, పట్టుకునేది పోలీసు కాదు, తన పని తను చేసుకు బతికే మామూలు మనిషి. మధ్యలో పెసరట్టు తినే తీరిక కూడా ఉండాలి. ఆ పనికి లాడ్జి నడిపే ఆవిడ మనకేం కొత్త కాదు. కన్యాశుల్కంలో చీపురు పట్టుకుని గిరీశాన్ని వెతుక్కుంటూ వచ్చే పూటకూళ్ళమ్మ ఏం తక్కువ డిటెక్టివా?

బోర్డు సంగతికి వద్దాం. కాగితం మీద లాడ్జి మొత్తం గీయండి. కౌంటర్ దగ్గర కూర్చుంటే ఎవరు మెట్లెక్కేదీ కనిపిస్తుందా? దోబీ మూటలు దింపే వెనక మెట్లు ఎక్కడ తేలతాయి? మేడ మీద తలుపు రాత్రి ఎవరు వేస్తారు? డూప్లికేట్ తాళాల డబ్బా ఎక్కడుంటుందో ఎంతమందికి తెలుసు? మా లాడ్జిలో 13వ నంబరు లేదు, 12 తర్వాత 12ఎ. నవల్లో ఒకడు "ఆ రోజు నేను పదమూడులో దిగానండి" అంటాడు. ఆ ఒక్క మాటతో వాడెప్పుడూ మెట్లెక్కలేదని తేలిపోయింది. ఇలాంటివి బొమ్మ గీస్తేనే తడతాయి.

ఇప్పుడు ఆధారాలు. ఇక్కడే చాలామంది తప్పుతారు, నేనూ తప్పాను. మొదటిసారి నా నవల్లో లాడ్జి ఆవిడకి భూతద్దం ఇచ్చాను, వేలిముద్రల గురించి మాట్లాడించాను. ఆవిడకి ఆ అవసరం లేదు. లాడ్జి నడిపేవాళ్లకి లెక్క తప్పితే నిద్ర పట్టదు, అదే ఆవిడ తెలివి. దోబీకి పన్నెండు దుప్పట్లు వేస్తే పదకొండు వచ్చాయి. ఒక్కడే దిగిన గదికి రెండు టీలు వెళ్లాయి. ఆధార్ జిరాక్స్‌లో ఊరు అనంతపురం, మాట చూస్తే అచ్చం శ్రీకాకుళం. మీకు లాడ్జి తెలియకపోతే ఏదైనా లాడ్జిలో ఒక పూట కూర్చుని రూమ్ బాయ్‌ని మాటల్లో పెట్టండి. మేనేజర్ చెప్పడు, బాయ్ చెబుతాడు.

నా నవల గుట్టు నేనే విప్పుతున్నాను గానీ, ఒక ఆధారం ఎలా పుట్టిందో చెబుతాను. తొమ్మిదో నంబరులో ఒక పెద్దాయన అర్ధరాత్రి దాటాక చనిపోయాడు. ఏడో నంబరులో ఉన్నది కడియం నర్సరీలకి మొక్కలు కొనడానికి వచ్చిన వ్యాపారి. "పదింటికి దోమల చుట్ట వెలిగించుకుని పడుకున్నానండి, మళ్లీ పొద్దున్నే లేచాను" అన్నాడు. ఆ చుట్ట, అదే మస్కిటో కాయిల్, ఎనిమిది గంటలు కాలుతుంది. పొద్దున ఆరింటికి బాయ్ వెళ్లి చూస్తే ఇంకా సగం ఉంది, పొగ వస్తోంది. అంటే వెలిగించింది రెండింటికి. మరి పదింటి నుంచి రెండింటి దాకా, ఆగస్టు నెల గోదావరి దోమల్లో, ఆయన ఎక్కడున్నట్టు?

ఆధారం పాఠకుడి కంటపడాలి, కానీ ఆధారంలా కనపడకూడదు. దాన్ని నేను తిట్లలో దాచాను. చుట్ట కింద రేకు పెట్టకుండా గచ్చు మాడ్చాడని లాడ్జి ఆవిడ బాయ్‌ని కేకలేస్తుంది. "ఇంకా సగముందండి అమ్మగారూ, ఇప్పుడే ఆర్పేశానండి, ఆయ్" అంటాడు వాడు. చదివేవాళ్లు నవ్వుకుని పేజీ తిప్పేస్తారు. తిట్లు, బజారు చీటీ, వంట... దాచడానికి ఇంతకంటే మంచి చోట్లు లేవు.

ఆవిడ ఎందుకు కల్పించుకోవాలి? కుతూహలం చాలదు. పోలీసులు గదికి సీలు వేశారు, శ్రావణంలో పెళ్లివాళ్లు ఎనిమిది గదులకి ఇచ్చిన అడ్వాన్స్ తిరిగి ఇమ్మంటున్నారు, ఆటోవాళ్లు "ఆ లాడ్జికా?" అంటున్నారు. బ్యాంకు వాయిదా ఉండనే ఉంది. ఆ టెన్షన్ చాలు.

అనుమానితులు ఊరు దాటిపోకుండా ఆపడం ఇంకో తలనొప్పి. వరద పెట్టుకున్నాను. ధవళేశ్వరం దగ్గర నీరు 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ప్రతి అధ్యాయం పైన ఆ రోజు నీటిమట్టం వేశాను, గడియారంలా పనికొచ్చింది. పాపికొండల బోట్లు ఆగిపోయాయి. "అయితే రైలెక్కి పోవచ్చుగా?" అంది ఆడపడుచు. నిజమే. అందుకని ఒక్కొక్కరికీ ఆగే కారణం విడిగా కుట్టాల్సి వచ్చింది: ఒకరికి కోర్టు వాయిదా, ఒకరికి పెళ్లి, ఒకరికి రావలసిన డబ్బు.

పోలీసుల్ని వెధవల్ని చేయకండి. మా ఎస్సై తెలివైనవాడే, చేతిలో ఇంకో నాలుగు కేసులున్నాయి, అంతే. సెక్షన్లు సరిచూసుకోండి. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి. ఆ తర్వాత జరిగిన హత్యకి ఎస్సై చేత పాత ఐపీసీ 302 అనిపిస్తే తప్పు, ఇప్పుడది భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) 103. అనుమానాస్పద మృతికి పాత సీఆర్పీసీ 174 పోయి భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) 194 వచ్చింది. పోస్ట్‌మార్టం రిపోర్టు మన ఆవిడకి ఎవరూ చూపించరు. అయితే శవ పంచనామా చుట్టుపక్కలవాళ్లు కనీసం ఇద్దరి ఎదుట రాయాలి. ఆ ఇద్దరిలో ఒకరుగా ఆవిడని నిలబెట్టండి, దొంగచాటుగా దూరకుండానే గదిలోకి వెళ్తుంది.

పేరు విషయం ఒక్క మాట. మొదట ఆవిడకి సూర్యకాంతం అని పెట్టాను. ఆ పేరు వినగానే జనం గయ్యాళి అత్తగారినే చూస్తారు, మనమేం రాసినా లాభం లేదు. సుభద్ర అని మార్చాను.

అన్నిటికంటే ఎక్కువ రోజులు నన్ను కూర్చోబెట్టింది మాత్రం గుట్టు. లాడ్జికి వచ్చే ప్రతివాడి దగ్గరా ఏదో దాపరికం ఉంటుంది, అది హత్యే కానక్కర్లేదు. ఒకాయన ఇంట్లో చెప్పకుండా బయాప్సీకి వస్తాడు. రిజిస్టర్‌లో భార్యాభర్తలని రాసినవాళ్లు కాకపోవచ్చు. "రిజిస్టర్‌లో ఉన్నది రిజిస్టర్‌లోనే ఉండాలి" అనేవారు మా ఆయన. ఇరవై రెండేళ్లలో ఎన్ని చూశామో, ఒక్కటీ గడప దాటలేదు. నవల్లో ఎస్సై అనుమానం అయిదో నంబరు కుర్రాడి మీదకి వెళ్తుంది. ఆ రాత్రి అతను ఎవరి గదిలో ఉన్నాడో సుభద్రకి తెలుసు. చెబితే అతను బయటపడతాడు, ఆ అమ్మాయి కాపురం పోతుంది. ఆవిడ డిటెక్టివ్ అయ్యేది శవం దొరికినప్పుడు కాదు, ఇక్కడ. నోరు విప్పకుండా వాణ్ణి కాపాడాలంటే అసలువాణ్ణి పట్టుకోవడం ఒక్కటే దారి. ఇది తోచాక నవల తనంతట తనే నడిచింది.

ముగింపు రెండోసారి రాసినప్పుడు అందర్నీ హాల్లో కూర్చోబెట్టి పదకొండు పేజీలు ఉపన్యాసం చెప్పించాను. చదువుతుంటే నాకే నిద్రొచ్చింది. మూడోసారి తీసేశాను. ఏడో నంబరు వ్యాపారి గది ఖాళీ చేస్తానని కౌంటర్ దగ్గరికి వస్తాడు. సోఫాలో మఫ్టీలో ఎస్సై పేపర్ చదువుకుంటూ ఉంటాడు. సుభద్ర బిల్లు రాస్తుంది: గది అద్దె ఇన్ని రోజులకి, టీలు ఇన్ని, దోమల చుట్ట సగం. వాడు చివరి లైను దగ్గర ఆగిపోతాడు. "సగమేంటండీ?" అంటాడు.

ఈసారి మా ఆడపడుచు పేజీ నంబరు చెప్పలేదు. "ఆ సగం చుట్టకి ఎంత వేశావు వదినా?" అని అడిగింది.