ఇంగ్లీషులో చిన్న మాట, ఫ్రెంచిలో పెద్ద తప్పు: లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

శాస్త్ర పదాలకు సాధారణంగా ఒకటే అర్థం ఉంటుంది. నిఘంటువు తెరిస్తే పని అయిపోతుంది. ఇంగ్లీషు నుంచి ఫ్రెంచిలోకి అనువదించేటప్పుడు దెబ్బ తగిలేది గెట్, టేక్, లీవ్, మిస్, టైమ్, ఫర్ లాంటి మాటల దగ్గరే. రోజూ వాడే మాటలు కాబట్టి వీటిని ఎవరూ వెతికి చూడరు, చూసినా మొదటి అర్థం దగ్గరే ఆగిపోతారు.

క్రియల్ని కాలాల్లో నడపడం, లింగ వచనాలు కలపడం మీకు వచ్చనుకునే రాస్తున్నాను. ఫ్రెంచి మాటలు ఉచ్చారణకు దగ్గరగా తెలుగు లిపిలో ఉన్నాయి. ముక్కుతో పలికే అచ్చులకు అరసున్న పెట్టాను.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది

దొరికిన ఫ్రెంచి మాటను అదే నిఘంటువులో రెండో వైపు, అంటే ఫ్రెంచి నుంచి ఇంగ్లీషు వైపు, మళ్ళీ వెతకండి. అర నిమిషం పని. దీన్ని వదిలేయడం వల్లే చాలా తప్పులు వస్తున్నాయి, అయినా వదిలేస్తూనే ఉన్నారు.

ఉదాహరణకు కంప్యూటర్లో ఫైలు సేవ్ చేయాలి. నిఘంటువులో మొదట కనిపించేది సోవే. దాన్ని తిప్పి వెతికితే ప్రమాదం నుంచి కాపాడటం అని వస్తుంది. ఫైలుకు కావలసింది ఆఁరజిస్త్రే. డబ్బు దాచుకోవడమైతే ఎపార్ఞే లేదా ఎకొనొమిజే. టైమ్ ఆదా చేయడమైతే అసలు దాచడమే కాదు, సంపాదించడం: గాఞే ద్యు తాఁ. ఒక్క సేవ్‌కి నాలుగు దారులు, ఒకదాని చోట ఇంకొకటి మామూలుగా కుదరదు.

ప్రతి అర్థం పక్కనా కుండలీకరణాల్లో వంకర అక్షరాలతో చిన్న వివరణ ఉంటుంది: డబ్బు, ప్రాణం, ఫైలు అని. మాటకంటే ముందు ఆ వివరణ చదవాలి. కళ్ళు నేరుగా ఫ్రెంచి మాట మీదకు దూకితే నిఘంటువు చూసీ చూడనట్టే.

లక్షణం: వాక్యం వ్యాకరణపరంగా బాగుంది, అర్థం మాత్రం పొసగడం లేదు

కారణం: ఇంగ్లీషు మాటకు అర్థం వెతికారు, వాక్యానికి వెతకలేదు.

పరిష్కారం: ఇంగ్లీషు వాక్యాన్ని ముందు తెలుగులో చెప్పుకోండి. ఇంగ్లీషు కలిపేసిన చాలా అర్థాల్ని తెలుగు ముందే విడదీసి పెట్టింది. ‘మూడు సార్లు’ అన్నారంటే త్ర్వా ఫ్వా. ‘ఎన్ని గంటలైంది’ అన్నారంటే అర్. ‘ఆ రోజుల్లో’ అంటే ఎపోక్. ‘తీరిక లేదు’ అంటే తాఁ. నాలుగు చోట్లా ఇంగ్లీషులో ఉన్నది టైమ్ ఒక్కటే.

రిటర్న్‌తోనూ అంతే. తిరిగి ఇచ్చేయడం రాఁద్ర్, ఇక్కడికి తిరిగి రావడం రవనీర్, అక్కడికి తిరిగి వెళ్ళడం రతూర్నే, ఇల్లు చేరడం రాఁత్రే. వస్తున్నారా, వెళ్తున్నారా అన్నది తెలుగులో చెప్పక తప్పదు కనుక జవాబు నోట్లోనే ఉంటుంది.

ఈత వచ్చు అనేదాన్ని ఇంగ్లీషు కెన్‌తో చెబుతుంది. కెన్ చూడగానే చేయి పువ్వార్ వైపు పోతుంది. నేర్చుకున్న విద్యకు ఫ్రెంచిలో వాడేది సవ్వార్: జ సే నాజే. పువ్వార్ పెడితే ఇప్పుడు ఈదడానికి వీలుంది, అడ్డేమీ లేదు అన్న అర్థం వస్తుంది. మనం ‘ఈదగలను’ అనకుండా ‘ఈత వచ్చు’ అన్న చోటల్లా సవ్వార్ పెట్టండి.

తెలుగు ఆదుకోని చోట్లు కూడా ఉన్నాయి. ‘తెలుసు’ వాటిలో మొదటిది. అక్కడ వెనక వచ్చే మాటను చూడాలి. మనిషి గానీ ఊరు గానీ ఉంటే కొనేత్ర్: జ కొనే పారి. ఎప్పుడొస్తాడో తెలుసు, ఎక్కడుందో తెలుసు అన్నట్టు మొత్తం ఉపవాక్యం ఉంటే సవ్వార్.

లక్షణం: మాట సరైనదే, తిప్పి వెతికినా సరిపోతోంది, అయినా అర్థం తారుమారు

దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. పైన చెప్పిన పరీక్షను దాటుకుని వచ్చే తప్పు ఇది. స్పెల్లింగ్ సరిచూసే సాఫ్ట్‌వేర్ పట్టుకోదు, వ్యాకరణం చూసేదీ పట్టుకోదు. మీరు రాసిన తప్పు వాక్యం కూడా ఫ్రెంచిలో నిఖార్సైన వాక్యమే, కాకపోతే దాని అర్థం వేరు.

మిస్ తీసుకోండి. ఫ్రెంచిలో మాఁకే. తిప్పి వెతికితే మళ్ళీ మిస్ అనే వస్తుంది. పరీక్ష పాసయిందనుకుని, ఇంగ్లీషు వరస ప్రకారం నేను, నిన్ను, మిస్ అని పేర్చి జ త మాఁక్ అని రాస్తారు. అవతలి మనిషికి అది ‘నేను లేక నువ్వు బెంగ పెట్టుకున్నావు’ అని చేరుతుంది. రాయాల్సింది త్యు మ మాఁక్.

కారణం: క్రియకు అర్థంతో పాటు ఒక చట్రం ఉంటుంది. కర్త స్థానంలో ఎవరుండాలి, తర్వాత నేరుగా కర్మ రావాలా, మధ్యలో ‘ఆ’, ‘ద’ అనే ఫ్రెంచి విభక్తి మాటల్లో ఏదైనా ఉండాలా అన్నది ఆ చట్రమే చెబుతుంది. మాఁకే ఒక్కదానికే ముఖ్యమైన చట్రాలు మూడున్నాయి. నేరుగా కర్మ వస్తే తప్పిపోవడం, అందకపోవడం: జె మాఁకే ల త్రేఁ, రైలు తప్పిపోయింది. ద వస్తే కొరత: జ మాఁక్ ద తాఁ, తీరిక చాలడం లేదు. ‘ఆ’ వచ్చి మనిషి ఉంటే బెంగ, అప్పుడు దూరంగా ఉన్నవాళ్ళే కర్త.

ఈ మూడోది ఇంగ్లీషు దారిలో వెళ్తే ఎప్పటికీ తలకిందులుగానే కనిపిస్తుంది. తెలుగు దారిలో వస్తే తిన్నగా ఉంటుంది. ‘నువ్వు నాకు గుర్తొస్తున్నావు’ అంటాం. నువ్వు కర్త, నాకు అన్నది చతుర్థి. త్యు మ మాఁక్ సరిగ్గా అదే అమరిక. నచ్చడమూ ఇలాంటిదే: ‘ఈ పాట నాకు నచ్చింది’ అంటే సెత్ షాఁసోఁ మా ప్లు. కావాలి కూడా: ‘నాకు ఒక గంట కావాలి’ అంటే ఇల్ మ ఫో యున్ అర్. మన వాక్యంలో మనిషికి ‘కు’ చేరిన చోట ఫ్రెంచిలో ‘ఆ’ గానీ దాని బదులు వచ్చే సర్వనామం గానీ ఉందేమో ముందు చూడండి. ప్రతిసారీ ఉంటుందని కాదు, కానీ మొదట వెతకాల్సిన చోటు అదే.

తప్పు కంటికి ఆనకపోవడానికి ఇంకో కారణం సర్వనామాలు. మ, త, ను, వు అన్నవి ‘నన్ను’కీ ‘నాకు’కీ ఒకే రూపంలో ఉంటాయి, చట్రం వాటి వెనక దాక్కుంటుంది. అందుకే సరిచేయడం ఇలా మొదలుపెట్టాలి:

1. సర్వనామాలు తీసేసి రెండు పేర్లు పెట్టండి. మారీకి పోల్ మీద బెంగగా ఉంది అనుకుందాం: పోల్ మాఁక్ ఆ మారీ.
2. మధ్యలో ‘ఆ’ ఉందా, ‘ద’ ఉందా, ఏమీ లేదా చూడండి.
3. ‘ఆ’ ఉంటే దాన్నీ దాని తర్వాతి పేరునూ తీసేసి ల్వి (అతనికి, ఆమెకు) పెట్టండి: పోల్ ల్వి మాఁక్. ఏమీ లేకపోతే ల (అతన్ని) గానీ లా (ఆమెను) గానీ వస్తుంది, అప్పుడు వాక్యం బెంగ గురించి కాదు.
4. అది కుదిరాకే మ, త లోకి మార్చండి.

చట్రం ఎక్కడ తెలుస్తుందంటే, నిఘంటువులో మీరు దాటేసిన పొట్టి అక్షరాల్లోనే. కెల్‌కఁ అంటే ఎవరో ఒకరు, కెల్క్ షోజ్ అంటే ఏదో ఒకటి. వీటిని పొడి రూపాల్లో వేస్తారు. క్రియ పక్కన ‘ఆ’ అనీ, ఎవరో ఒకరు అనీ ఉంటే అది అలంకారం కాదు, వాడుక సూత్రం. సకర్మకం, అకర్మకం అన్న గుర్తులూ అంతే. రెండు భాషల నిఘంటువులో తేలకపోతే ఫ్రెంచి నుంచి ఫ్రెంచికే ఉన్న నిఘంటువు తెరవండి. 1971 నుంచి 1994 వరకు 16 సంపుటాలుగా వచ్చిన త్రెజోర్ ద లా లాఁగ్ ఫ్రాఁసేజ్ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో అర్థాల్ని చట్రాల వారీగా విడదీసి చూపిస్తారు.

ఇదే జబ్బు ఉన్న మరికొన్ని:

లీవ్. పార్తీర్‌కి కర్మ అక్కర్లేదు, పెడితే తప్పు. కిటే‌కి కర్మ లేకపోతే నడవదు (ఫోన్లో లైన్లోనే ఉండమనే న కిటే పా లాంటి స్థిరపడ్డ వాడుకలు వేరు). వెళ్ళిపోతున్నాను అంటే జ పార్. ఇల్లు వదిలి వెళ్తున్నాను అంటే జ కిత్ లా మెజోఁ. తాళాలు వదిలేసి వచ్చాను అంటే రెండూ కాదు, లెసే: జె లెసే మే క్లే.

ప్లే. ఆటకు ఆ, వాద్యానికి ద. జువే ఓ ఫుత్‌బోల్, జువే ద్యు పియానో.

థింక్. పాఁసే తర్వాత ఆ వస్తే తలపులో ఉండటం, ద వస్తే అభిప్రాయం. ‘నీ గురించి ఆలోచిస్తున్నాను’ అన్న వాక్యంలో ద పడితే మనిషి మీద తీర్పు చెప్పబోతున్నట్టు వినిపిస్తుంది.

చేంజ్. ఒకటి వదిలి అలాంటిదే ఇంకొకటి అందుకోవడమైతే షాఁజే ద, దాని తర్వాత ఆర్టికల్ ఉండదు. రైలు మారడం షాఁజే ద త్రేఁ.

విజిట్. ఊరికీ మ్యూజియానికీ విజితే. మనిషిని చూడటానికి వెళ్తే రాఁద్ర్ విజిత్ ఆ, లేదా మామూలు మాటల్లో అలే వ్వార్.

సోర్తీర్ లాంటి క్రియల్లో చట్రం మారితే సహాయక క్రియ కూడా మారుతుంది. నేనే బయటికి వెళ్ళానంటే జ స్వీ సోర్తీ. కుక్కను బయటికి తీసుకెళ్ళానంటే జె సోర్తీ ల ష్యేఁ.

లక్షణం: గెట్, టేక్ దగ్గర ఏది పెట్టినా అతకడం లేదు

గెట్‌ను నిఘంటువులో వెతకడం మానేయండి. ముందు ఇంగ్లీషులోనే దాన్ని తీసేసి ఒకే అర్థమున్న క్రియ పెట్టి, ఆ తర్వాత వెతకండి. ఉత్తరం అందితే రసవ్వార్, విషయం బోధపడితే కోఁప్రాఁద్ర్, వెళ్ళి తేవడమైతే అలే షేర్షే. గెట్ తర్వాత విశేషణం ఉంటే మొత్తానికి ఒక్క క్రియే ఉందేమో చూడండి: ముసలివాడవడం వ్యెయీర్, లావెక్కడం గ్రోసీర్, ఎర్రబడటం రుజీర్. అలా లేకపోతేనే దవనీర్.

టేక్‌లో మనిషిని తీసుకెళ్తే ఆఁమనే, వస్తువును తీసుకెళ్తే ఆఁపోర్తే. పరీక్ష రాయడం పాసే అఁ ఎగ్జామేఁ, అంటే పాసవ్వడం కాదు. పాసైతే రెయుసీర్.

లక్షణం: మాటలన్నీ సరే, కాలం దగ్గర తేడా

ఫర్ అనగానే పూర్ రాయకండి. పని ఇంకా సాగుతోందా అని అడగండి. సాగుతుంటే దప్వీ, క్రియ వర్తమానంలో: జాబిత్ ఇసీ దప్వీ సేఁకాఁ, అయిదేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాను. ఇంగ్లీషు చూసి భూతకాలం పెడితే ఇప్పుడు ఉండటం లేదన్నట్టు అవుతుంది. పని ముగిసిపోతే పాఁదాఁ, క్రియ పాసే కోఁపోజేలో (ముగిసిన పనిని చెప్పే భూతకాలంలో). ముందున్న ప్రయాణానికి, ఎన్నాళ్ళకని వెళ్తున్నారో చెప్పడానికి పూర్.

వుడ్‌కి తెలుగు కూడా మోసం చేస్తుంది, ఎందుకంటే ‘వెళ్ళేవాణ్ణి’ అన్నది అలవాటుకూ వాడతాం, షరతుకూ వాడతాం. ముందు ‘రోజూ’ చేర్చి చూడండి. నప్పితే ఏఁపార్ఫే (అలవాటును చెప్పే భూతకాలం). ‘డబ్బుంటే’ అన్నది నప్పితే కోఁదిస్యొనెల్ (షరతు రూపం). ఆ ‘ఉంటే’ భాగంలో, సి తర్వాత, కోఁదిస్యొనెల్ మాత్రం రాకూడదు, అక్కడ ఏఁపార్ఫేయే.

లక్షణం: వాక్యమే లేదు, ఒక్క మాట ఉంది

యాప్‌లు, వెబ్‌సైట్ల బటన్లలో ఇది సర్వసాధారణం. ఓపెన్ అని ఒక్క మాట ఇస్తారు. నొక్కాల్సిన బటనైతే ఉవ్రీర్, తెరిచి ఉందని చెప్పే గుర్తైతే ఉవేర్. ఫ్రీ అంటే డబ్బు అక్కర్లేదా (గ్రాత్వీ), ఖాళీగా ఉందా (లీబ్ర్), చక్కెర లేనిదా (సాఁ స్యుక్ర్)? ఊహించి రాయకండి. అది తెర మీద ఎక్కడ కనిపిస్తుందో, నొక్కితే ఏం జరుగుతుందో ఇచ్చినవాళ్ళను అడిగి తెలుసుకోండి. అనువాద యంత్రానికి ఇచ్చేటప్పుడు కూడా ఒంటి మాట ఇవ్వకుండా, దాన్ని పూర్తి వాక్యంలో పెట్టి, ముందున్న వాక్యంతో సహా ఇవ్వండి.

అరుదుగా తగిలేవి

లింగం మారితే అర్థం మారే జంటలు: ల పోస్త్ ఉద్యోగం, లా పోస్త్ తపాలా. ల లీవ్ర్ పుస్తకం, లా లీవ్ర్ పౌను. ఆర్టికల్‌తో సహా రాసుకుంటే ఇవి మళ్ళీ ఇబ్బంది పెట్టవు.

విశేషణం స్థానం: ఆఁస్యేఁ నామవాచకానికి ముందుంటే మామూలుగా ‘ఒకప్పటి’, వెనకుంటే ‘పాతకాలపు’. ఓల్డ్ స్కూల్ అన్నప్పుడు చదువుకున్న బడా, పాత కట్టడమా తేల్చుకోండి.

ప్రాంత భేదం: దీనే ఫ్రాన్సులో రాత్రి భోజనం, కెనడాలోని కెబెక్, బెల్జియం, స్విట్జర్లాండ్ వాడుకలో మధ్యాహ్న భోజనం. పాఠకులు ఎక్కడివారో తెలిస్తే సరిపోతుంది.

వేడి: ఒళ్ళు వేడిగా, ఉక్కగా అనిపిస్తే జె షో, బయట ఎండగా ఉంటే ఇల్ ఫె షో, పళ్ళెం కాలుతుంటే సె షో. మనిషి విషయంలో ఎత్ర్ (ఉండటం) బదులు అవ్వార్ (కలిగి ఉండటం) పెట్టండి, ఎత్ర్‌తో చెబితే అది ఒంటి వేడి మాట కాకుండా, శృంగారపు మాటగా వినిపించవచ్చు.