ఫ్రీమేసన్ లాడ్జిలో చేరేవారు ఆ సభ్యత్వాన్ని సార్థకం చేసుకునే విధానం

మనకు లాడ్జి అంటే ఊరు వెళ్లినప్పుడు బస చేసే చోటు గుర్తుకు వస్తుంది గాని, నైతిక జీవనాన్నీ పరస్పర సహాయాన్నీ ఆశయాలుగా పెట్టుకున్న సోదర సంఘమైన ఫ్రీమేసన్ల పరిభాషలో అది నియమబద్ధంగా సమావేశమయ్యే సోదరుల బృందం. 1717లో లండన్‌లోని నాలుగు లాడ్జీలు ఏకమై లాడ్జీలను పర్యవేక్షించే తొలి గ్రాండ్ లాడ్జిని ఏర్పరచుకున్నాయి. మన దేశంలో 1961 నవంబరు 24న గ్రాండ్ లాడ్జి ఆఫ్ ఇండియా ఏర్పడింది. హైదరాబాదులో తానీషా కాలం నాటి గోషామహల్ బారాదరి ఈ సోదర సంఘానికి నెలవుగా ప్రసిద్ధి చెందింది.

చేరదలచినవారు మొదట తమ ఉద్దేశాన్ని తామే పరీక్షించుకోవాలి. వ్యాపారం పెరుగుతుందనో, పెద్దల పరిచయాలు అక్కరకు వస్తాయనో ఆశించేవారికి ఇది తగిన చోటు కాదు. అటువంటి లాభాపేక్ష లేకుండా, స్వేచ్ఛగా వచ్చానని దీక్షకు ముందే అభ్యర్థి ప్రకటించవలసి ఉంటుంది. పరమాత్మపై విశ్వాసం తప్పనిసరి, కాని ఆ పరమాత్మను ఏ పేరుతో కొలుస్తారని ఎవరూ అడగరు. ఒక సభ్యుడు ప్రతిపాదించగా మరొకరు బలపరచిన తరువాత, విచారణ జరిపి, రహస్యంగా ఓటు వేస్తారు. ప్రతిపాదించే వ్యక్తిని తొందరపెట్టవద్దు. ఆయన మిమ్మల్ని కొన్ని నెలల పాటు గమనించడం ఇద్దరికీ మేలు. దీక్షకు ముందే మీ భార్యతో కూర్చొని, సమావేశాలకు పట్టే సాయంకాలాల గురించీ, చందాల గురించీ దాపరికం లేకుండా మాట్లాడండి.

చేరిన తరువాత నా అనుభవంలో అన్నిటికన్నా విలువైనది కంఠస్థం చేయడం. లాడ్జి తంతును పుస్తకం చూసి చదవడం కాక, నోటికి నేర్చుకొని, ఎదుటివారి కళ్లలోకి చూస్తూ చెప్పడం సంప్రదాయం. నాకు తొలిసారి అప్పగించినది, రాతిపనివారి పనిముట్లను నీతికి సంకేతాలుగా చెప్పే వివరణ. అందులో 24 అంగుళాల కొలబద్ద రోజులోని 24 గంటలను సూచిస్తుంది: కొంత ప్రార్థనకు, కొంత పనికీ విశ్రాంతికీ, కొంత తనకూ తన వారికీ నష్టం కలగని మేరకు ఆపదలో ఉన్న సోదరునికి. ఆ మాటలను తెల్లవారుజామున మేడ మీద నడుస్తూ వల్లించిన వారాలలో, నా రోజులో ఆ మూడవ భాగం అసలు లేనే లేదని నాకు అర్థమైంది. అందువల్ల ఎంత చిన్న భాగమైనా అడిగి తీసుకోండి. రోజుకు నాలుగు వాక్యాలు చాలు, కాని వాటి అర్థాన్ని ఒక పాత సభ్యుని దగ్గర కూర్చొని తెలుసుకున్న తరువాతే వల్లించండి. పదిమంది ఎదుట గొంతు పెగలని మనిషి రెండేళ్లలో నిలకడగా మాట్లాడగలగడం నేను కళ్లారా చూశాను.

రెండవది స్నేహం. సమావేశంలో మత, రాజకీయ చర్చలకు తావు లేదు. ఈ నిషేధం మొదట్లో నన్ను కట్టివేసినట్లు అనిపించినా, ఎన్నికల వేళ సొంత బంధువులతోనే మాటలు తెగిపోయే ఈ కాలంలో, భిన్నమైన నమ్మకాలు గల మనుషులు ఒకరి సుఖదుఃఖాలు మరొకరు తెలుసుకునేలా చేసేది అదేనని ఇప్పుడు నమ్ముతున్నాను. ఆ స్నేహం తంతు జరిగే గదిలో కన్నా తరువాత కలిసి చేసే భోజనాల దగ్గరే బలపడుతుంది. తంతు ముగియగానే ఇంటికి బయలుదేరే అలవాటు చేసుకోవద్దు; ప్రతిసారీ అంతగా పరిచయం లేని సభ్యుని పక్కన కూర్చోండి.

పదవుల విషయంలో తొందర అక్కరలేదు. లాడ్జికి అధ్యక్షత వహించే మాస్టర్ పీఠం కన్నా ముందు ఆల్మోనర్‌కు సహాయకునిగా ఉండటానికి ముందుకు రండి. అనారోగ్యంతో ఉన్న సోదరులను, మరణించిన సభ్యుల కుటుంబాలను కనిపెట్టుకొని ఉండే బాధ్యత ఆయనది. ఆసుపత్రిలో ఒక గంట కూర్చొని రావడం, భర్తను పోగొట్టుకున్న ఇల్లాలికి పింఛను కాగితాలు నింపిపెట్టడం వంటి పనులలోనే సోదరుడు అనే పిలుపుకు అర్థం తెలిసివస్తుంది.

దీక్షలోని మూడవ మెట్టు (డిగ్రీ) అయిన మాస్టర్ మేసన్ పూర్తయిన తరువాత ఇతర నగరాల లాడ్జీలకు అతిథిగా వెళ్లండి. ముందుగా మీ కార్యదర్శి ద్వారా ఆ లాడ్జి గుర్తింపు పొందినదేనా అని నిర్ధారించుకొని, గ్రాండ్ లాడ్జి సర్టిఫికెట్‌ను, చందా బకాయి లేదని తెలిపే రసీదును వెంట ఉంచుకోండి. తలుపు దగ్గర పరీక్షించి లోపలికి పంపుతారు కాబట్టి, సమావేశానికి అరగంట ముందే అక్కడికి చేరుకోవడం మంచిది.