ఇంటి ఇంక్‌జెట్ ప్రింటర్‌లో గోడకు పెట్టుకునేంత మంచి ఫొటో ప్రింట్ తీయడం ఎలా?

ఇంట్లో ఇంక్ ట్యాంక్ ప్రింటర్ ఉన్నవాళ్లు చాలామంది దాన్ని పిల్లల ప్రాజెక్టులకీ, ఆధార్ కాపీలకీ మాత్రమే వాడుతుంటారు. ఎప్పుడైనా తాతయ్య, నాయనమ్మల పాత ఫొటో ప్రింట్ తీస్తే అది మసకగా, వెలిసిపోయినట్టు వస్తుంది. దాంతో "ఈ ప్రింటర్‌కి ఇంతకన్నా రాదు" అనుకుని వదిలేస్తారు. నిజానికి అదే ప్రింటర్, అదే ఇంకుతో చాలా మంచి ప్రింట్ తీయొచ్చు. అందుకు రెండు పనులు చేయాలి. సరైన కోటెడ్ పేపర్ కొనాలి. ఏ కాగితం పెట్టామో ప్రింటర్‌కు సెట్టింగుల్లో చెప్పాలి. మొదటిది చేసినవాళ్లు కూడా రెండోది మర్చిపోతుంటారు, ఖరీదైన కాగితాలు ఎక్కువగా అక్కడే పాడవుతాయి.

ఒక పాత నలుపు తెలుపు కుటుంబ ఫొటోను ఏ4 సైజులో ప్రింట్ తీసి ఫ్రేమ్ కట్టించాలనుకుందాం. ఆ పనిని మొదటి నుంచీ చూద్దాం.

కాగితం మీద పూత ఎందుకు?

ఇంక్‌జెట్ ఇంకులో ఎక్కువ భాగం నీళ్లే. ప్రింట్ హెడ్ నుంచి పడే ఒక్కో చుక్క కొన్ని పికోలీటర్లు ఉంటుంది. పికోలీటరంటే లీటరులో లక్ష కోట్లో వంతు. మామూలు 75 జీఎస్ఎం (చదరపు మీటరుకు ఇన్ని గ్రాముల బరువు అని) కాగితం మీద ఆ చుక్క పడగానే, చొక్కా జేబులో పెన్ను కారి మరక పాకినట్టు, కాగితం పీచుల వెంట పాకుతుంది. పక్కపక్క చుక్కలు కలిసిపోయి అంచులు చెదురుతాయి. రంగు లోపలికి ఇంకిపోవడంతో పైన పాలిపోయినట్టు కనిపిస్తుంది. ఇంకు ఎక్కువ పడినచోట కాగితం ఉబ్బి వంకర్లు పోతుంది.

కోటెడ్ పేపర్ మీద ఇంకును పట్టి ఉంచడానికే ఒక పూత ఉంటుంది. ఇప్పుడు దొరికే చాలా రకాల్లో అది సన్నటి సిలికా పొడి, దాన్ని కాగితానికి పట్టి ఉంచే పాలీవినైల్ ఆల్కహాల్ వంటి జిగురు. సిలికా రేణువుల మధ్య ఉండే సూక్ష్మమైన ఖాళీలు నీటిని క్షణాల్లో పీల్చుకుంటాయి. రంగు మాత్రం పైభాగంలోనే ఆగాలి కదా, అందుకని పూతలో ధనావేశం ఉన్న పాలిమర్‌ను కూడా కలుపుతారు. నీటిలో కరిగే డై ఇంకుల్లోని రంగుకు సాధారణంగా రుణావేశం ఉంటుంది కాబట్టి అది పడినచోటే అతుక్కుంటుంది. చుక్క గుండ్రంగా, చిన్నగా నిలుస్తుంది. 1994లో ఎప్సన్ స్టైలస్ కలర్ ప్రింటర్ 720 డీపీఐతో (అంటే అంగుళానికి 720 చుక్కలతో) వచ్చినప్పుడు కూడా ఆ నాణ్యత కళ్లకు కనిపించాలంటే పూత ఉన్న కాగితమే కావాల్సి వచ్చింది.

1. మీ ప్రింటర్‌లో ఏ ఇంకు ఉందో చూసుకోండి

డై ఇంకు నీటిలో పూర్తిగా కరిగిన రంగు. పిగ్మెంట్ ఇంకులో రంగు సన్నటి రేణువులుగా తేలుతుంటుంది. డై ఇంకు గ్లాసీ కాగితం మీద మెరుపుతో వస్తుంది. పిగ్మెంట్ ఇంకు ఎక్కువకాలం వెలవకుండా ఉంటుంది, మ్యాట్ కాగితం మీద బాగా పడుతుంది. ఇళ్లల్లో వాడే కెనాన్ జీ సిరీస్ ట్యాంక్ ప్రింటర్లు చాలావాటిలో నలుపు పిగ్మెంట్, మిగతా మూడూ డై. ఈ సంగతి ఆరో మెట్టులో అవసరమవుతుంది. ఇంకు సీసా మీదో, మాన్యువల్లోనో ఇది రాసి ఉంటుంది.

2. కాగితం ఎంచుకోండి

ముందుగా రెండు జాగ్రత్తలు. పేపర్ షాపుకెళ్లి "మంచి నున్నటి కాగితం ఇవ్వండి" అంటే ఆర్ట్ పేపర్ చేతిలో పెట్టే అవకాశం ఉంది. శుభలేఖలు, క్యాలెండర్లు అచ్చువేసే కాగితం అది. దానికీ పూత ఉంటుంది, కానీ అది ఆఫ్‌సెట్ ప్రెస్‌లోని చిక్కటి నూనె ఇంకు కోసం వేసిన పూత. నీళ్ల ఇంకు దాని మీద ఇంకదు, చాలాసేపటి తర్వాత తాకినా వేలికి అంటుతుంది. కాబట్టి ప్యాకెట్ మీద ఇంక్‌జెట్ అనే మాట కచ్చితంగా ఉండాలి. రెండోది, ఇంక్‌జెట్ ఫొటో పేపర్‌ను లేజర్ ప్రింటర్‌లో అసలు పెట్టకూడదు. లోపలి ఫ్యూజర్ వేడికి కాగితం మీది పొర కరిగి రోలర్‌కు అతుక్కుంటే యంత్రమే పాడవుతుంది.

ఇంక్‌జెట్ కాగితాల్లో మనకు మామూలుగా దొరికేవి మూడు రకాలు. మ్యాట్ కోటెడ్ మెరవదు, చేత్తో పట్టుకుంటే కొంచెం పొడిపొడిగా తగులుతుంది. కాస్ట్ కోటెడ్ గ్లాసీ ముందు వైపు అద్దంలా మెరుస్తుంది, వెనక వైపు మాత్రం మామూలు కాగితంలాగే ఉంటుంది. చవకగా దొరికే గ్లాసీ ప్యాకెట్లు ఎక్కువగా ఇవే. మూడోది ఆర్‌సీ, అంటే రెజిన్ కోటెడ్. ఇందులో కాగితానికి రెండు వైపులా పాలిథిన్ పొర వేసి, దాని మీద ఇంకును పీల్చే పూత వేస్తారు. స్టూడియో ఫొటో పట్టుకున్నట్టే ఉంటుంది, ఇంకు ఎక్కువ పడినా వంకర్లు పోదు, చింపినా తేలిగ్గా చిరగదు. ఆర్‌సీలో గ్లాసీతో పాటు శాటిన్, లస్టర్ అని తక్కువ మెరుపువి కూడా ఉంటాయి.

అద్దం వెనక పెట్టే ఫొటో అయితే నేను మ్యాట్‌కే ఓటు వేస్తాను. మెరుపు అద్దం ఎలాగూ ఇస్తుంది. గ్లాసీ మీద కనిపించేంత చిక్కటి నలుపు మ్యాట్ మీద రాని మాట నిజమే, కానీ అద్దం వెనకకు వెళ్లాక ఆ తేడా బాగా తగ్గిపోతుంది. పైగా గ్లాసీ కాగితం అద్దానికి అతుక్కుపోయే ప్రమాదం ఉంది. ఆల్బమ్‌లో పెట్టి నలుగురి చేతుల్లో తిరిగే ఫొటోకైతే ఆర్‌సీ శాటిన్ బాగుంటుంది, వేలిముద్రలు గ్లాసీ మీద కనిపించినంతగా కనిపించవు.

బరువు విషయానికొస్తే గోడ ఫొటోకి 170 నుంచి 230 జీఎస్ఎం మ్యాట్ సరిపోతుంది. ఆర్‌సీ అయితే సాధారణంగా 240 నుంచి 300 మధ్య ఉంటుంది. మీ ప్రింటర్ ఎంత మందం దాకా లాగగలదో మాన్యువల్లో చూశాకే కొనండి.

పాత నలుపు తెలుపు ఫొటోలకు ఇంకో విషయం చూడాలి. నీలం తగిలినట్టు మరీ తెల్లగా మెరిసే కాగితాల్లో ఆప్టికల్ బ్రైటెనర్ అనే రసాయనం ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ దాని ప్రభావం తగ్గి కాగితం పసుపు రంగులోకి తిరుగుతుంది. దొంగనోట్లు పట్టడానికి షాపుల్లో వాడే యూవీ లైటు కింద పెడితే అలాంటి కాగితం నీలంగా వెలుగుతుంది. పాత ఫొటోకు కొంచెం వెన్నరంగు ఉన్న మ్యాట్ కాగితమే అందం.

3. ఫొటోలో తగినన్ని పిక్సెళ్లు ఉండాలి

ఏ4 కాగితం నిండా అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున రావాలంటే ఫొటో 2480 × 3508 పిక్సెళ్లు ఉండాలి. 4×6 అంగుళాలకు 1200 × 1800 చాలు. పాత ఫొటో పొడవూ వెడల్పూ ఏ4లో సగం ఉంటే 600 డీపీఐ దగ్గర స్కాన్ చేయండి. ఇంకా చిన్నదైతే 1200 పెట్టండి. బంధువుల దగ్గరున్న ఫొటో తెప్పించుకుంటుంటే వాట్సాప్‌లో మామూలుగా పంపవద్దని, డాక్యుమెంట్‌గా పంపమని చెప్పండి. లేకపోతే ఫొటో కుదించుకుపోయి వస్తుంది. అలా పోయిన వివరాలను ఎంత మంచి కాగితమైనా తిరిగి తేలేదు.

4. నాజిల్ చెక్ చేయండి

ప్రింట్ హెడ్‌లో ఇంకు బయటికొచ్చే సన్నటి రంధ్రాలే నాజిల్స్, అవి మూసుకుపోయాయేమో చూసేదే ఈ చెక్. ఇది మామూలు కాగితం మీద చేయొచ్చు. గీతల్లో ఎక్కడైనా తెగితే ఒకసారి హెడ్ క్లీనింగ్ చేసి మళ్లీ చూడండి. వరసపెట్టి క్లీనింగ్ చేస్తూ పోతే ఇంకు వృథా, ఇంకు వ్యర్థాలు చేరే ప్యాడ్ కూడా త్వరగా నిండుతుంది. రెండుసార్లకీ సరిపోకపోతే ప్రింటర్‌ను కొన్ని గంటలు ఆపి మళ్లీ ప్రయత్నించండి.

5. కాగితాన్ని సరైన వైపు పెట్టండి

గ్లాసీలో ఏ వైపు పూత ఉందో చూడగానే తెలుస్తుంది. మ్యాట్‌లో తెలియక చాలామంది వెనక వైపు ప్రింట్ చేస్తారు. రెండు వైపులనూ వెలుతురులో పోల్చితే పూత ఉన్న వైపు ఇంకాస్త తెల్లగా ఉంటుంది. అప్పటికీ అనుమానంగా ఉంటే వేలు కొద్దిగా తడి చేసి మూల మీద ఆనించండి, పూత ఉన్న వైపు వేలికి అంటుకున్నట్టు తగులుతుంది. వెనక ట్రేలోంచి పైనుంచి కిందికి కాగితం లాగే ప్రింటర్లలో మామూలుగా పూత వైపు మీకు కనపడేలా పెట్టాలి. ముందున్న క్యాసెట్లో అయితే పూత కింది వైపుకు ఉండాలి. అంచులు మాత్రమే పట్టుకోండి, చేతి చెమట తగిలినచోట ఇంకు సరిగా పట్టదు. మందం కాగితాలు ఒక్కొక్కటిగా పెట్టడం మేలు.

6. ఏ కాగితం పెట్టారో ప్రింటర్‌కు చెప్పండి

చాలా ప్రింటర్లకు ట్రేలో ఉన్న కాగితం ఏ రకమో తెలియదు. మీరు ఏమీ మార్చకపోతే అది మామూలు కాగితమే అనుకుంటుంది. అంటే అంత నాణ్యమైన పూత మీద కూడా జిరాక్స్ కాగితానికి సరిపడేంత ఇంకే, ఆ లెక్కలోనే చల్లుతుంది. ప్రింట్ విండోలో ప్రాపర్టీస్ లేదా ప్రిఫరెన్సెస్ తెరిచి, మీడియా టైప్ లేదా పేపర్ టైప్ దగ్గర మీ కాగితానికి దగ్గరి పేరు ఎంచుకోండి. మ్యాట్‌కు మ్యాట్, గ్లాసీకి గ్లాసీ. ఎంత ఇంకు పోయాలి, ఏ రంగులు ఎలా కలపాలి, హెడ్ ఎంత నెమ్మదిగా కదలాలి అన్నవి చాలావరకు ఈ ఒక్క ఎంపిక మీదే ఆధారపడతాయి.

పిగ్మెంట్ నలుపు ఉన్న ప్రింటర్లలో ఇది ఇంకా ముఖ్యం. గ్లాసీ కాగితం పెట్టి సెట్టింగ్ ప్లెయిన్ పేపర్‌లోనే ఉంచేస్తే పిగ్మెంట్ నలుపు పూత పైన మేటవేసి, ముట్టుకుంటే చెరిగిపోతుంది. గ్లాసీ అని చెబితే ప్రింటర్ ఆ సీసా జోలికి వెళ్లకుండా మిగతా మూడు రంగులు కలిపి నలుపు తయారుచేస్తుంది.

క్వాలిటీని హై పెట్టండి, హై స్పీడ్ లేదా బైడైరెక్షనల్ (హెడ్ వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ప్రింట్ చేయడం) అని ఉంటే తీసేయండి. కాగితం సైజు కూడా సరిచూసుకోండి. కాగితం ప్రింటర్ కంపెనీది కాకపోతే, ఆ కాగితం తయారీదారు మీ ప్రింటర్ మోడల్‌కు ఐసీసీ ప్రొఫైల్ (ఆ కాగితం మీద రంగులు సరిగా వచ్చేలా సవరించే ఫైలు) ఇస్తున్నాడేమో చూడండి. దాన్ని ఫొటో సాఫ్ట్‌వేర్‌లో వాడితే ప్రింటర్ డ్రైవర్లో, అంటే పైన తెరిచిన సెట్టింగుల్లో, రంగుల సవరణను ఆపేయాలి. రెండూ ఒకేసారి పనిచేస్తే ముఖాలు ఎర్రబారతాయి.

7. ముందు చిన్న ముక్క ప్రింట్ తీయండి

ఏ4 మొత్తం ఒకేసారి తీయకండి. ఫొటోలో ముఖం, చీకటిగా ఉన్న భాగం, తెల్ల చీర లేదా పంచె ఉన్న భాగం కలిసొచ్చేలా ఒక పట్టీ కత్తిరించి కాగితం పైభాగంలో తీసి చూడండి. ప్రింట్ వెనక వెలుతురు ఉండదు కాబట్టి స్క్రీన్ మీద కన్నా ఎప్పుడూ కొంచెం చీకటిగానే వస్తుంది, ఫొటో వెలుతురు కాస్త పెంచాల్సి రావచ్చు. నాలుగు రంగుల ప్రింటర్లలో నలుపు తెలుపు ఫొటోకు ఆకుపచ్చ ఛాయో గులాబీ ఛాయో వస్తుంటుంది. గ్రేస్కేల్ పెట్టి ఒకటి, కలర్‌లో ఒకటి తీసి రెండింటినీ పగటి వెలుతురులో, తర్వాత ఫొటో పెట్టబోయే గదిలోని లైటు కింద చూడండి. ఏది నచ్చితే అది. కొన్నిసార్లు ఫొటోకే కొంచెం గోధుమ ఛాయ కలిపితే ఆ గొడవే ఉండదు, పాత ఫొటోకు అది అందంగానూ ఉంటుంది. పట్టీ మీద కాగితం పేరు, పెట్టిన సెట్టింగులు పెన్సిల్‌తో రాసి దాచుకోండి.

8. ఆరనిచ్చి ఫ్రేమ్ కట్టించండి

బయటికి రాగానే తడి లేనట్టు అనిపించినా, ఇంకులో నీటితో పాటు ఉండే గ్లైకాల్ వంటి ద్రవాలు నెమ్మదిగా ఆరతాయి. ఒక రోజంతా నీడలో, ఫ్యాన్ గాలి నేరుగా తగలకుండా పరిచి ఉంచండి. తొందరపడి ఫ్రేమ్ కట్టిస్తే అద్దం లోపలి వైపు మంచు పట్టినట్టు మసక పేరుకుంటుంది. వానాకాలంలో, ముఖ్యంగా విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రతీర ఊళ్లలో, ఇంకో రోజు ఆగండి. మిగిలిన కాగితాలను ప్యాకెట్లో పెట్టి గాలి చొరకుండా మూసేయండి. పూత తేమ పీల్చుకుంటే తర్వాత ఇంకు సరిగా పట్టదు.

సిలికా పూత కాగితాలకు ఒక బలహీనత ఉంది. వెంటనే ఆరడానికి ఉపయోగపడిన ఆ ఖాళీల్లోకే గాలి కూడా చొరబడి, అందులోని ఓజోన్ డై రంగులను తినేస్తుంది. 2000లో ఎప్సన్ కొత్త ఫొటో ప్రింటర్లతో ఇది అందరికీ తెలిసొచ్చింది. వాటి గ్లాసీ ప్రింట్లు కొన్ని ఇళ్లల్లో కొద్దికాలానికే నారింజ రంగులోకి తిరిగాయి, కారణం సయాన్ డై ఓజోన్‌కు త్వరగా వెలిసిపోవడం. ఆ తర్వాత ఇంకులు మెరుగయ్యాయి, అయినా డై ప్రింట్‌ను గోడ మీద ఊరికే అంటించొద్దు. అద్దం పెట్టించండి, అద్దానికీ ఫొటోకీ మధ్య ఖాళీ ఉండేలా అట్ట మౌంట్ వేయమని ఫ్రేమ్ షాపులో అడగండి, వెనక వైపు టేపుతో మూసేయమనండి. ఎండ నేరుగా పడే గోడ వద్దు. ఫొటో ముందు అగరొత్తులు వెలిగించే అలవాటుంటే ఆ పొగ నుంచీ అద్దమే కాపాడుతుంది.

ఫ్రేమ్ మూయకముందే ఫొటోలో ఉన్నవాళ్ల పేర్లు, ఊరు, తెలిస్తే సంవత్సరం ఒక కాగితం మీద రాసి మౌంట్ వెనక పెట్టించండి. ఫొటో వెనక పెన్నుతో రాస్తే ముందువైపు అచ్చు పడొచ్చు. స్కాన్ చేసిన ఫైలునూ దాచి ఉంచండి, ఇంట్లో ఇంకొకరు అడిగితే అదే కాగితం, అదే సెట్టింగులతో మళ్లీ తీయొచ్చు. ఈలోగా హెడ్‌లో ఇంకు ఎండిపోకుండా వారానికి ఒకసారైనా ఒక రంగుల పేజీ ప్రింట్ తీస్తూ ఉండండి.