సెల్లార్ గోడ చెమర్చకుండా ఇన్సులేషన్: నా అనుభవం

విశాఖపట్నం సీతమ్మధారలో వాలు నేలపై ఉన్న మా ఇంటి సెల్లార్ గదిలో, ఏసీ ఆపి తలుపు తెరిచిన ప్రతిసారీ మట్టినానుకున్న గోడ చెమర్చి బూజు పట్టేది. డ్యాంప్‌ప్రూఫ్ పెయింటు, గ్లాస్‌వూల్ (గాజు పీచు), ఎగ్జాస్ట్ ఫ్యాను ఏవీ ఫలించలేదు.

మొదట గోడకు పాలిథీన్ ముక్కను నాలుగంచులా టేపుతో అంటించి చూడగా, తడి దాని వెనుక కాక గదివైపే చేరింది; అంటే అది ఊట కాదు, సముద్రపు గాలిలోని తేమే చల్లని గోడపై నీరవుతోంది. అప్పుడు పెయింటు గీకించి, గోడను బాగా ఆరనిచ్చి, 50 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ (వేడిని ఆపే గట్టి ప్లాస్టిక్ నురుగు) బోర్డులను వెనుక గాలి ఆడే సందు లేకుండా నేరుగా గోడకే అతికించి, అతుకులనూ అంచులనూ పీయూ ఫోమ్‌తో (ఉబ్బి గట్టిపడే నురుగుతో) మూయించి, నిప్పు భయానికి పైన సిమెంటు బోర్డు బిగించాము. మేస్త్రి ఎంత పట్టుబట్టినా లోపల పాలిథీన్ షీటు వేయనివ్వలేదు, ఎందుకంటే చిక్కిన తడి బయటపడే దారి ఉండదు. డీహ్యూమిడిఫయర్‌తో తేమను 60 శాతంలోపు ఉంచుతున్నాము.

వర్షాకాలంలోనూ గోడ పొడిగానే నిలిచింది. అయితే పాలిథీన్ వెనుక తడి కనిపించిన ఇళ్లలో ముందు బయటివైపు వాటర్‌ప్రూఫింగ్ చేయించాలి. అక్కడ ఈ పద్ధతి ఒక్కటే సరిపోకపోవచ్చు.