కష్టంల విశ్వాసం గట్టిపడాలంటే ఏం చేయాలె

మన వరంగల్ దిక్కు పత్తి తడిసి రేటు పడ్డదనుకో, అప్పిచ్చినాయన వచ్చి గడపల కూసున్నడనుకో, అప్పుడు మోకాళ్ల మీద ఉన్నా నోట మాట రాదు. అట్లాంటప్పుడు బైబిల్ల కీర్తనలు 13 తియ్యండి, 6 వచనాలే, ఇంకెన్నాళ్లు మర్శిపోతవ్ అని దావీదు దేవున్నే నిలదీస్తడు, మీరు కూడా గట్లనే అడగండి తప్పేం కాదు, చివరి వచనంల పాట పాడుతా అంటడు సూడండి, నాకైతే అదే పెద్ద ధైర్యం.

బైబిల్ల రోమా పత్రిక 5:3-4 ల శ్రమ నుంచి ఓర్పు, తర్వాతనే నిరీక్షణ, అంటే ఆశ, వస్తదని ఉంది, టైం పడుతది.

నోట్‌బుక్‌ల తేదీ వేసి ప్రార్థనలు రాసుకోండి. ఏడుపొచ్చే వారం చర్చి అస్సలు మానొద్దు, పక్కన కూసున్న అక్కకు చెప్పి ప్రార్థన చేయించుకోండి. ఎవరన్నా నీ పాపం వల్లనే ఇదంతా అంటే పట్టించుకోకండి, బైబిల్ల నానా కష్టాలు పడ్డ యోబును ఆయన దోస్తులు గట్లనే అన్నరు, దేవుడు వాళ్ల మీదనే కోపపడ్డడు.