తైలసీన్ పాఠం చెప్పాలంటే గొర్రెల మందను మరవొద్దు

నేను ఉదయగిరి వైపు ఒక హైస్కూల్లో బయాలజీ చెబుతాను. మా క్లాసులో సగం మంది పిల్లల ఇళ్లలో గొర్రెలున్నాయి. ఏటా సెప్టెంబరు 7న, ఆదివారమైతే మర్నాడు, ఒక పీరియడ్ తైలసీన్ అనే అంతరించిపోయిన జంతువుకి ఇస్తాను. 1936లో సరిగ్గా ఆ రోజే ఆస్ట్రేలియాకి చెందిన టాస్మేనియా దీవిలో, హోబార్ట్ జూలో, మనకు తెలిసిన చివరి తైలసీన్ చచ్చిపోయింది. టీచర్స్ డే హడావుడి కూడా అప్పటికి అయిపోయి ఉంటుంది.

మొదటి ఏడు నేను చేసిన తప్పు మీరు చెయ్యొద్దు. బోర్డు మీద పెద్దక్షరాలతో దాని ఇంకో పేరు, ‘టాస్మేనియా పులి’ అని రాసి, బొమ్మ వెయ్యమన్నాను. నలభై నోటుబుక్కుల్లోనూ నల్లమల పులి దిగింది. ఒకడైతే దాని నోట్లో దుప్పిని కూడా పెట్టాడు. అందుకే పేరు తర్వాత చెప్పండి. ముందు బొమ్మ.

బోర్డు మీద ఒక ఊరకుక్కను గీయండి, బక్కదైనా ఫర్వాలేదు. చెవులు కొంచెం గుండ్రంగా దిద్దండి. ఇప్పుడు తోక తుడిచెయ్యండి. కుక్క తోక తెచ్చి అతికించినట్టుంటుంది. దీని తోక అలా కాదు, నడుమే సన్నబడుతూ పోయి తోకైనట్టు మొదట్లో లావుగా, బిరుసుగా ఉంటుంది. ‘ఉడుము తోక చూశారుగా’ అంటే మా పిల్లలకి చాలు. తర్వాత ఒళ్లంతా సుద్దముక్కతో నింపి, వేలు తడి చేసుకుని వీపు మధ్య నుంచి తోక మొదలు దాకా అడ్డంగా చారలు తియ్యండి. పదమూడు నుంచి ఇరవై ఒకటి దాకా ఎన్నైనా తియ్యొచ్చు. నోరు ఎంత తెరిచేదో చెప్పడానికి జామెట్రీ బాక్సులు తీయించి 80 డిగ్రీలు గీయించండి. అది చూశాక క్లాసు కాస్త నిశ్శబ్దమవుతుంది.

ఇక సంచి. ఇది కంగారూల వర్గం జీవి, పిల్లల్ని సంచిలో పెంచుతుంది, ఆ సంచి నోరు వెనక్కి తిరిగి ఉంటుంది. మగదానికీ సంచి ఉండేది, పిల్లల కోసం కాదు, మర్మావయవాలు కప్పుకోడానికి. ఎనిమిదో తరగతి నవ్వుతుంది. ఒక నిమిషం నవ్వనివ్వండి. తర్వాత ‘కుక్కకి దీనికంటే మన మేకే దగ్గరి చుట్టం’ అనండి, నవ్వు ఆగిపోతుంది. రూపం ఒకటైనంత మాత్రాన చుట్టరికం ఉన్నట్టు కాదని ఆ ఒక్క మాటతో అర్థమవుతుంది.

ఆస్ట్రేలియా ప్రధాన భూభాగంలో ఇది సుమారు మూడు వేల ఏళ్ల కిందటే పోయింది. డింగో కుక్కలు రావడం ఒక కారణమంటారు. ఆ కుక్కలు చేరని టాస్మేనియాలో మాత్రం మిగిలింది. దీన్ని ఒక్క ముక్కలో తేల్చేసి గొర్రెల దగ్గరికి రండి.

ఇంగ్లీషువాళ్లు ఆ దీవికి గొర్రెల్ని తెచ్చారు. మందలు తగ్గుతుంటే నేరం చారల జంతువు మీద పడింది. 1830లోనే ఒక కంపెనీ తలకింత అని బహుమానం పెట్టింది. 1888 నుంచి 1909 దాకా సర్కారే ఇచ్చింది: పెద్దదానికి ఒక ఇంగ్లీషు పౌండు, పిల్లకి అందులో సగం. మొత్తం 2,184 చెల్లింపులు. ఒక పిల్లవాణ్ణి గుమస్తాగా కూర్చోబెట్టి చివరి ఏళ్ల లెక్క గట్టిగా చదివించండి: 1905లో 111, 1906లో 58, 1907లో 42, 1908లో 17, 1909లో 2. మీరు ఏమీ అనొద్దు. ‘అయిపోయినాయి సార్’ అని వాళ్లే అంటారు. వేటతో పాటు అడవి నరకడం, కుక్కలు, ఏదో రోగం కూడా కారణమై ఉండొచ్చని తర్వాత కలపండి.

ఇక్కడే మందను తీయండి. ‘మీ మంద మీద ఏది పడుతుంది?’ అని అడగండి. మొదట అందరూ తోడేలనే చెబుతారు. రెండేళ్ల కిందట వెనక బెంచీ అమ్మాయి ఒకతి లేచి, ‘పోయినేడు మా గొర్రెపిల్లల్ని చంపింది ఊరకుక్కలే సార్. మా నాయన మాత్రం తోడేలనే చెప్పాడు’ అంది. ఎందుకమ్మా అంటే, ‘కుక్కలంటే ఎవరి కుక్కలని తగాదా వస్తది. తోడేలైతే ఎవురూ రారు కదా’ అంది. టాస్మేనియాలోనూ అంతే. వదిలేసిన కుక్కలు, దొంగలు, సరిగా చూసుకోకపోవడం వల్ల పోయిన గొర్రెలు కూడా తైలసీన్ ఖాతాలోకే వెళ్లాయి. ఆ రోజు నుంచి ఆ అమ్మాయి మాట లేకుండా నేను ఈ పాఠం చెప్పలేదు.

కోడిని కరుచుకున్న తైలసీన్ ఫొటో ఒకటి బాగా తిరుగుతుంది, 1921లో అచ్చయింది. చూపించండి, కానీ అది బతికున్న జంతువు కాదని, దూది కుక్కిన బొమ్మ అని పరిశోధకులు తేల్చిన సంగతి కూడా చెప్పండి. చివరిదాని పేరు బెంజమిన్ అన్న కథకీ ఆధారం లేదు, వదిలెయ్యండి. 1933లో డేవిడ్ ఫ్లే తీసిన మూగ ఫిల్మ్ మాత్రం ఫోన్లో తప్పకుండా చూపించండి. బోనులో అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది. తీస్తుండగా ఆయన పిర్ర కరిచిందట.

దాన్ని చంపకూడదన్న చట్టం 1936 జులై 10న వచ్చింది. సెప్టెంబరు 7కి ఎన్ని రోజులో వేళ్ల మీద లెక్కపెట్టమనండి. యాభై తొమ్మిది.

‘ఎక్కడో దాక్కుని ఉండొచ్చు కదా సార్’ అని ఒకరు తప్పకుండా అడుగుతారు. కొట్టిపారెయ్యొద్దు. పక్కనే కడప జిల్లాలో కలివికోడి ఉంది. పోయిందనుకున్న పిట్ట 1986లో దొరికింది. అయితే అక్కడ పిట్టే చేతికి చిక్కింది, తైలసీన్‌కి 1936 తర్వాత అలాంటి రుజువు ఒక్కటీ రాలేదు.

హోంవర్క్‌కి కాగితం మీద అయిదు గళ్లు గీసి ఇవ్వండి: రోగం, లారీ, దొంగ, కుక్క, తోడేలు. ఈ ఏడు మందలో పోయినవి ఏ గడిలోకి వస్తాయో ఇంట్లో అడిగి రాసుకు రమ్మనండి. పంపే ముందు ఒక్క మాట గట్టిగా చెప్పండి, కుక్క గడి నింపినవాళ్లు అది ఎవరి కుక్కో రాయక్కర్లేదని.